పండుగ మరునాడు



తెలుగువారి పండుగలతో దానము పెనవేసికొని యున్నది. ధనుర్మాసమంతయు హరిదాసు తలపై అక్షయపాత్రతో తెల్లవారకమునుపే వీధి వీధి తిరుగును. ఇల్లాలు దోసెడు బియ్యము తెచ్చి యందులో పోయును. గంగిరెద్దులవానికి పాతపంచె, జంగమదేవరకు గుప్పెడు గింజలు, కొత్తధాన్యము కళ్లమునకు రాగానే చేతిపనులవారికి వారి వారి మేరలు ముట్టుచుండెడివి. అయినను మన పెద్దలు సంక్రాంతితోనే పండుగను ముగింపలేదు. మరునాటికి కనుమ యని పేరు పెట్టి, ఏడాది పొడుగునను దుక్కి దున్నిన యెద్దునకును పాలిచ్చిన యావునకును ఆ దినమును కేటాయించిరి. పండుగనాటి దానములో పెట్టువాని సంతోషము కలదు. కనుమనాటి మన్ననలో ఏడాది పొడుగునను నిలుచు సంబంధము కలదు. ఈ రెంటికిని గల భేదమే నేటి ప్రసంగమునకు మూలము.

ఈ భేదము తెలుగు పల్లెకు మాత్రమే పరిమితమైనది కాదు. ప్రపంచమందంతటను సేవాసంఘములు పండుగదినములలో దానకార్యములకు పూనుకొనుచున్నవి. క్రిస్మసునకు బుట్టలతో భోజనపదార్థములు పంచుట, చలికాలమున కంబళ్లు ఇచ్చుట, దసరాకు కొత్తబట్టలు, దీపావళికి మిఠాయిలు అనాథ బాలబాలికలకు అందించుట అందరును ఎరిగిన విషయములే. వీనిని పరిహసించుట తగదు. ఆకలిగొన్నవానికి ఆ పూట కడుపు నిండుట చిన్న విషయము కాదు. కాని పండుగ మరునాడు ఆ యింటి పొయ్యిపై ఏమున్నది? ఆ బిడ్డకు వైద్యము చేయువారెవరు? చదువు చెప్పువారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుచు ఊరూరు తిరిగిన యొక సేవాసంఘ సభ్యుడు కలడు. ఆతడు అమెరికా దేశములో ఒహాయో రాష్ట్రమునందలి ఎలిరియా పట్టణపు వ్యాపారి, ఎడ్గార్ అలెన్. 1862లో జన్మించి 1937లో మరణించిన ఈతని పర్యటనముల ఫలము నేటికిని నిలిచియున్నది. ఆ కథను గ్రహించుటకు ముందు ఆతడు చేరిన సంఘమును గూర్చియు, ఆనాటి పండుగ దానముల తీరును గూర్చియు కొంత తెలియవలెను.

1905 ఫిబ్రవరి 23వ తేదీని షికాగో నగరమున పాల్ హారిస్ అను న్యాయవాది ముగ్గురు మిత్రులతో కూర్చుండి ఒక సంఘమునకు అంకురార్పణ చేసెను. చిన్న ఊరిలో పెరిగి మహానగరమునకు వచ్చిన హారిసునకు పరిచయస్థులు పెక్కుమంది యున్నను, మనసిచ్చి మాటలాడు స్నేహితులు తక్కువ. ఆ కొరతను తీర్చుకొనుటకే ఆ కూటము. సభలు వంతులవారీగా ఒక్కొక్క సభ్యుని కార్యాలయమున జరుగుచుండుటచే దానికి రోటరీ యను పేరు వచ్చినది. మొదట స్నేహమును, పరస్పర వ్యాపారలాభమును మాత్రమే దాని యుద్దేశములు. రెండేండ్లు గడచిన పిమ్మట, 1907లో, ఆ సభ్యులు నగరములో ప్రజల యుపయోగమునకై మరుగుదొడ్లు కట్టింపవలెనని పూనుకొనిరి. అదియే ఆ సంఘము చేసిన తొలి ప్రజాసేవగా చెప్పబడుచున్నది. పూలదండలకు గాని ఛాయాచిత్రములకు గాని నోచుకొనని పని యది. కాని నగరమునకు అది ప్రతిదినమును అవసరమైనది. ప్రజాసేవ యొక్క తొలి పాఠము ఆ సంఘమునకు అట్లు అబ్బినది.

పండుగ దానమునకు వేరొక రూపము అంతకు ముందే ఆ దేశమున ప్రచారములో నుండెను. 1891లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున రక్షణ సైన్యమునకు చెందిన జోసెఫ్ మెక్‌ఫీ అను నాతడు క్రిస్మసునాడు వేయిమంది పేదలకు భోజనము పెట్టవలెనని సంకల్పించెను. చేతిలో ధనము లేదు. పూర్వము ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవులో బాటసారులు ఒక కుండలో నాణెములు వేయుచుండుట ఆతనికి జ్ఞాపకము వచ్చినది. ఆ విధముననే తానును పడవల రేవువద్ద ఒక వంటపాత్రను వ్రేలాడదీసెను. ఆ పద్ధతి దేశమంతటను వ్యాపించినది. నేటికిని డిసెంబరు మాసమున అంగళ్లముందు ఎఱ్ఱని పాత్రప్రక్కన నిలిచి గంట మ్రోగించు పనిని వివిధ సేవాసంఘముల సభ్యులు వంతులు వేసికొని చేయుచుందురు. ఎముకలు కొరుకు చలిలో నిలిచి ఇతరులకొరకు చేయి చాపుట అహంకారమును కొంతవరకు తగ్గించు పనియే యనవలెను.

మూడవ రూపము ప్రభుత్వోద్యోగులకు విశేషముగ ప్రీతి కలిగించునది. ఏలయన దానిని కనిపెట్టినవాడు ఒక తపాలా ఉద్యోగి. డెన్మార్కు దేశమున ఐనార్ హోల్‌బోల్ అను నాతడు 1903 క్రిస్మసు దినములలో కొండలవలె పడియున్న శుభాకాంక్షల యుత్తరములకు ముద్రలు వేయుచు ఒక యూహ చేసెను. ఈ ఉత్తరములలో ప్రతిదానిపైనను తపాలా బిళ్లతోపాటు స్వల్పమైన వెలగల మరియొక బిళ్లను అంటించినచో, ఆ ధనముతో క్షయరోగ పీడితులైన పిల్లలకు చికిత్స చేయింపవచ్చును గదా యనునది ఆ యూహ. రాజు అనుమతించెను. 1904లో తొలి క్రిస్మసు సీళ్లు వెలువడినవి. ఆ మొదటి సంవత్సరముననే నలువది లక్షలకు పైగా అమ్ముడుపోయినవి.

ఆ సీలు సముద్రము దాటి అమెరికా చేరుటయు ఒక చిన్న కథయే. డెన్మార్కునుండి వలసపోయిన జేకబ్ రీస్ అను పత్రికారచయితకు క్షయవలన ఆరుగురు సోదరులు పోయిరి. ఆతడు 1907లో ఈ సీళ్లను గూర్చి వ్యాసము వ్రాసెను. డెలవేరు రాష్ట్రములో మూతపడ సిద్ధముగా నున్న చిన్న క్షయ చికిత్సాలయమునకు 300 డాలర్లు కావలసి, ఎమిలీ బిసెల్ అను మహిళ ఆ యేటి క్రిస్మసునకు సీళ్లు ముద్రింపించి ఒక్కొక్కటి ఒక సెంటునకు అమ్మించెను. వచ్చిన ధనము కోరినదానికి సుమారు పదిరెట్లు. పండుగ దానము పండుగ దాటి నిలువగలదని ఈ సీలు నిరూపించినది. ఇచ్చునది ఒక్కనాటి ఉత్తరముపై అంటించిన చిన్న కాగితము. నిలుచునది ఏడాది పొడుగునను తెరచియుండు చికిత్సాలయము.

ఆ 1907వ సంవత్సరముననే ఒక సెలవుదినమున ఎడ్గార్ అలెన్ జీవితము తలక్రిందులైనది. మే 30వ తేదీ ఆ కాలమున అమెరికాలో యుద్ధములలో మరణించిన సైనికులను స్మరించు దినముగా నుండెను. ఆనాడు ఎలిరియాలో జనముతో నిండిన ట్రాము బండ్లకు ఘోరప్రమాదము జరిగెను. గాయపడినవారిలో అలెన్ కుమారుడు, పదునెనిమిదేండ్ల హోమర్ ఉండెను. పట్టణమున తగిన ఆసుపత్రి లేదు. ఆ బాలుడు దక్కలేదు.

పుత్రశోకమునకు ఓదార్పు లేదని పెద్దలందురు. అలెన్ ఓదార్పు వెదకలేదు. తన వ్యాపారమును విక్రయించి, ఊరిలో చందాలు ప్రోగుచేసి, ఆసుపత్రి నిర్మాణమునకు పూనుకొనెను. 1908లో ఎలిరియా స్మారక చికిత్సాలయము తెరువబడినది. కుమారుని పేర ఒక రాతిపలకను నిలువబెట్టి యూరకుండుట సులభముగా నుండెడిది. ఆతడు మాత్రము, తన కుమారునకు ఏది దొరకలేదో అది ఇతరుల బిడ్డలకు దొరకవలెనని యెంచెను.

ఆసుపత్రి నడపుచుండగా ఆతనికి వేరొక విషయము గోచరించినది. ప్రమాదమున గాయపడినవారు ఎట్లో ఒకట్లు వైద్యుని కడకు వచ్చుచుండిరి. కాళ్లుచేతులు వంకరపోయిన పిల్లలు, వెన్నెముక వంగిన పిల్లలు, పోలియో సోకి నడువలేని పిల్లలు మాత్రము రాకుండిరి. వారు ఎందరున్నారో లెక్క లేదు. చాల కుటుంబములు వారిని ఇంటి వెనుక గదిలో దాచియుంచుచుండెడివి. కొందఱు సిగ్గుచేతను, కొందఱు దైవనిర్ణయమను భావనచేతను, అధికులు పేదరికముచేతను వారిని బయటికి తీసికొని రాకుండిరి. బడిలేదు, వైద్యములేదు, తోడి పిల్లలతో ఆట లేదు. 1915లో ఎలిరియాలో అట్టి పిల్లలకొరకే ప్రత్యేకముగ గేట్స్ చికిత్సాలయము ఏర్పడెను. ఆ పిల్లలు అలెనును నాన్న యని పిలువసాగిరి. నాన్న అలెన్ అనునదియే ఆతనికి స్థిరమైన పేరైనది. ఒక కుమారుని పోగొట్టుకొన్నవానికి ఇంతకు మించిన బిరుదము వేరొకటి యుండదు.

అయితే ఒక పట్టణమున ఒక చికిత్సాలయము కట్టిన మాత్రమున సమస్య తీరదని అలెన్ గ్రహించెను. పిల్లలు రాష్ట్రమంతటను చెదరియున్నారు. వారిని వెదకి కనుగొనవలెను. కనుగొన్న పిమ్మట వైద్యుని యొద్దకు చేర్పవలెను. శస్త్రచికిత్స జరిగిన పిమ్మట నెలలతరబడి కట్లు, ఊతకఱ్ఱలు, వ్యాయామము అవసరము. ఆ నెలలలో చదువు సాగవలెను. పెద్దయైన పిమ్మట ఒక పని నేర్పవలెను. ఇన్ని మెట్లలో ఏ యొక్కటి లోపించినను మిగిలినవి వ్యర్థము. ఇది ఒక్కని వల్ల నగునది కాదు, ఒక్క క్రిస్మసునకు తీరునది కాదు.

ఇక్కడనే రోటరీ సంఘములు ఆతనికి తోడు వచ్చినవి. ఒహాయోలోని టొలీడో నగర రోటరీ సంఘము అప్పటికే అవయవలోపముగల బాలురకు సాయము చేయుచుండెను. అలెన్ ఆ మార్గమును చూచి, ఊరికొక రోటరీ సంఘమున్నచో ఊరికొక సేవాకేంద్రమున్నట్లే యని తలంచెను. అందు వైద్యుడుండును, న్యాయవాది యుండును, పత్రికాసంపాదకుడుండును, దుకాణదారుడుండును. ఒకరు పిల్లల జాబితా సిద్ధపరుపవచ్చును. మరియొకరు తన మోటారుకారులో వారిని వైద్యశిబిరమునకు చేర్పవచ్చును. ఇంకొకరు బడిలో చేర్పింపవచ్చును. కావలసినది వారికి వినిపించి మేల్కొల్పువాడు. ఆ పనిని అలెన్ తానే స్వీకరించెను.

యాత్రలు పలువిధములు. కొందఱు వింతలు చూచుటకై తిరుగుదురు, కొందఱు వర్తకమునకై తిరుగుదురు, కొందఱు పుణ్యమునకై తిరుగుదురు. అలెన్ తిరిగినది ఎదుటివారు చూడనిదానిని వారికి చూపుటకు. ఊరిలో భోజనసమావేశమునకు పోయి, ఆ యూరి పెద్దలకు ఆ యూరి పిల్లలను గూర్చియే చెప్పుట ఆతని పని. దూరదేశపు కరువును గూర్చి చెప్పినచో విన్నవారు చందా ఇచ్చి చేతులు దులుపుకొందురు. మీ వీధి చివర ఇంటిలోనే నడువలేని బిడ్డ యున్నదని చెప్పినచో లేచి పోయి చూడక తప్పదు. 1919లో ఈ ప్రయత్నము ఒహాయో రాష్ట్రసంఘముగా రూపొందినది. క్రమముగా ఇతర రాష్ట్రములలో అట్టి సంఘములు లేచినవి. 1921లో జాతీయసంఘమేర్పడినది. మరుసటి యేడు కెనడాలోని ఒంటారియో రాష్ట్రమువారును కలియుటచే అది అంతర్జాతీయ సంఘమైనది. దానికి తొలి యధ్యక్షుడు అలెన్. 1929లో జెనీవా నగరమున ఈ విషయమై ప్రపంచసమావేశము జరిగినది. 1907లో ఆసుపత్రి లేని యొక చిన్న పట్టణమున మొదలైన ప్రశ్న ఇరువదిరెండేండ్లలో దేశదేశముల వైద్యులును ఉపాధ్యాయులును కలిసి చర్చించు విషయమైనది.

ఈ విజయముననే ఒక చిక్కు బయలుదేరెను. సేవాసంఘములు నడపు ప్రతివారును ఆలోచింపదగినది కావున దానిని కొంత వివరించుట యుక్తము. రోటరీ సంస్థ యావత్తును ఈ పిల్లల సేవనే తన ఏకైక కార్యముగా స్వీకరింపవలెనని కొందఱు కోరిరి. ఇంత గొప్ప పని ఎదుట నుండగా చేతులు కట్టుకొని చర్చించుట ఏల యని వారి వాదము. కాదనినవారి వాదమును తక్కువది కాదు. సంస్థ తానే ధనము ప్రోగుచేసి తానే దానము చేయ మొదలిడినచో సభ్యుడు చందా కట్టి తన పూచీ తీరినదనుకొనును. ఒక ఊరి యవసరము మరియొక ఊరి యవసరము కాదు. పై నుండి వచ్చిన ఆజ్ఞ ప్రకారము చేయు సేవలో చేయువాని హృదయముండదు.

ఈ తర్కమునకు 1923లో సెయింట్ లూయిస్ నగరమున జరిగిన మహాసభ ఒక తీర్మానముతో ముగింపు చెప్పెను. 23-34 అను సంఖ్యతో అది నేటికిని ఆ సంస్థలో ప్రసిద్ధము. దాని సారాంశమిది. ఏ సేవ చేయవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ ప్రతి సంఘమునకును కలదు. ఎన్నుకొన్న సేవకు ఆ యూరిలో నిజమైన అవసరముండవలెను. ఇతరులు చక్కగా చేయుచున్న పనిని తిరిగి చేయబోరాదు. ఊరంతటికిని బాధ్యతగల విషయమున సంఘము తానొక్కతియే ఆ బాధ్యతను మోయక, అవసరమును కనిపెట్టి, బాధ్యత గలవారిని మేల్కొల్పవలెను. పండుగ దానమునకును బాధ్యతకును గల యెడమును తొలగించు మార్గము ఈ చివరి మాటలో కనబడుచున్నది. మేల్కొల్పుటయే అలెన్ చేసిన పని. ఆతడు ప్రభుత్వమునకు బదులుగా ఆసుపత్రులు నడపుటకు తిరుగలేదు. ఆ పిల్లలు పౌరులే యని ప్రభుత్వము గుర్తించునంతవరకు తిరిగెను.

పని పెరిగినకొలది ధనము కావలసి వచ్చినది. అప్పుడు ఆ తపాలా ఉద్యోగి యూహ మరల యుపయోగపడినది. క్రిస్మసు సీలు క్షయనివారణకు చెందియుండెను. కావున 1934 వసంతమున ఈస్టరు పండుగకు ఈ సంఘమువారు వేరొక సీలు వెలువరించిరి. ఈస్టరు క్రైస్తవులకు క్రీస్తు పునరుత్థానమును స్మరించు పండుగ. ఎండిన కొమ్మ చిగిర్చు ఋతువున వచ్చు ఆ పండుగకును, పడియున్న బిడ్డ లేచి నిలుచుటకును గల పోలికను జనులు వెంటనే గ్రహించిరి. తరువాత లిల్లీ పూవు ఆ సీలునకు గుర్తైనది. ఆ సీలు ఎంత ప్రసిద్ధమైనదనగా, 1967లో సంస్థయే దాని పేరును తన పేరుగా గైకొనెను. వెనుకటి పేరులో ఆ పిల్లలను సూచించుటకు వాడిన పరుషమైన మాట తరువాతి కాలమున తొలగినది.

1935లో అమెరికా కేంద్రప్రభుత్వము సాంఘికభద్రతా చట్టమును చేసినప్పుడు, అట్టి పిల్లలను కనిపెట్టి, చికిత్స చేయించి, పునరావాసము కల్పించుటకై రాష్ట్రములకు ఏటేట 28,50,000 డాలర్లు ఇచ్చుటకు అందు ఒక భాగము చేర్చబడెను. ఆ చట్టముపై సంతకము చేసిన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు 1921 నాటి వ్యాధివలన తానే కాళ్ల బలమును కోల్పోయినవాడు. రెండేండ్లకు, 1937లో, అలెన్ కన్నుమూసెను. తాను ఊరూరు తిరిగి అడిగినది చట్టములో అక్షరరూపము దాల్చుట ఆతడు చూడగలిగెను.

ఇచట మరియొక వాదమును దాటిపోవుట న్యాయము కాదు. సీళ్లు అమ్ముటకును చందాలు తెచ్చుటకును ఆ సంఘములు ఊతకఱ్ఱలతో నిలిచిన పిల్లల బొమ్మలను గోడలపై అంటించుచుండెడివి. జాలి పుట్టినచో ధనము వచ్చును. ఆ పిల్లలు పెరిగి పెద్దవారై యొక ప్రశ్న వేసిరి: మాకు మీ జాలి అవసరమా, లేక బడిలోనికి ఎక్కుటకు వీలైన వాలుదారి అవసరమా? ప్రశ్న పదునైనది, న్యాయమైనది. అమెరికాలో 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము ఈ ప్రశ్నకు లభించిన సమాధానము. భారతదేశమున 1977లో కేంద్రప్రభుత్వము క్రింది తరగతుల ఉద్యోగములలో నూటికి మూడు వంతులు వారికి ప్రత్యేకించినది. 1995లోను, మరల 2016లోను సమగ్రమైన చట్టములు వచ్చినవి. 2016 చట్టము ఆ వంతును నాలుగునకు పెంచినది. నేడు ప్రభుత్వ కార్యాలయములలో పక్కబల్లవద్ద కూర్చుండి పనిచేయు సహోద్యోగి దానము పొందినవాడు కాడు, హక్కు పొందినవాడు. దానము చెడ్డదని దీని భావము కాదు. దానము తన గమ్యమును చేరినప్పుడు హక్కుగా మారును. మారనిచ్చుటకు ఇష్టపడని దానము దాతకొరకే చేయబడుచున్నదని యెంచవలెను.

భారతదేశమునకు ఈ సేవాసంప్రదాయము కలకత్తా ద్వారమున వచ్చినది. 1920 జనవరి 1వ తేదీని కలకత్తా రోటరీ సంఘమునకు అధికారపత్రము లభించెను. అదే సంఘమునకు చెందిన నీతీశ్ లాహరీ 1962–63లో ఆ ప్రపంచసంస్థకు అధ్యక్షుడయ్యెను. ఆసియావాసులలో ఆ గౌరవము పొందిన మొదటివాడు ఆతడే. డెన్మార్కు తపాలా ఉద్యోగి సీలు సైతము ఈ దేశమునకు చేరినది. 1939లో స్థాపింపబడిన భారత క్షయనివారణ సంఘము 1950లో టి.బి. సీళ్ల విక్రయమును ప్రారంభించెను. దానికి ఎన్నుకొన్న దినము గాంధీజయంతి. కుష్ఠరోగి పుండ్లను స్వయముగ కడిగిన మహాత్ముని పుట్టినదినమునకు ఇంతకంటె తగిన యాచారము వేరొకటి యుండదు.

అదే గాంధీజయంతినాడు, 1994లో, ఢిల్లీ నగరమున పసిబిడ్డలందరికిని ఒకేనాడు పోలియో చుక్కలు వేయు కార్యక్రమము జరిగెను. 1995 డిసెంబరునుండి అది దేశవ్యాప్తమైనది. రోటరీ సంస్థ 1979లో ఫిలిప్పీనులలో మొదలిడి, 1985లో ప్రపంచమంతటికిని విస్తరింపజేసిన పోలియో నివారణోద్యమము దీనికి తోడైనది. సెలవుదినమగు ఆదివారమున కేంద్రములు తెరచి, జాతీయదినములలో సుమారు 17 కోట్ల పిల్లలకు చుక్కలు వేయుటకు లక్షలాది కార్యకర్తలు కదలిరి. ప్రభుత్వ వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, సేవాసంఘ సభ్యులు ఒకే బల్లవద్ద కూర్చుండిరి. చుక్కలు వేసికొన్న బిడ్డ ఎడమచేతి చిటికెనవ్రేలిపై ఓటరునకు పెట్టునట్టి సిరా గుర్తు పెట్టుచుండిరి.

కాని పోలియో ఆదివారముతో పోలేదు. 2009 నాటికిని 741 మంది పిల్లలకు ఆ వ్యాధి సోకినది. ఆదివారము కేంద్రమునకు రానివారెవరు? ఇటుకబట్టీలలో పనిచేయువారి బిడ్డలు, నదులనడుమ లంకలలో నున్నవారు, ఊరినుండి ఊరికి కూలికి పోవువారు, అనుమానముచే తలుపు మూసికొన్నవారు. అందుచే సోమవారమునుండి ఇంటింటికిని పోవు పద్ధతి నెలకొల్పబడెను. బిడ్డలందరికిని చుక్కలు పడిన ఇంటి తలుపుపై సుద్దతో ‘పి’ అను ఆంగ్లాక్షరము వ్రాయుదురు. ఏ యొక్క బిడ్డ మిగిలినను ‘ఎక్స్’ గుర్తు వ్రాయుదురు. ఆ గుర్తుగల ఇంటికి మరల పోవలెను, అవసరమైనచో మరల మరల పోవలెను. 2010లో వ్యాధి సోకినవారి సంఖ్య 42కు తగ్గినది. 2011 జనవరి 13వ తేదీని బెంగాలులోని హౌరా జిల్లాలో ఒక్క పసిబిడ్డకు సోకినది. అదియే చివరిది. 2014 మార్చి 27వ తేదీని భారతదేశముతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతము పోలియో లేనిదిగా ప్రకటింపబడెను. ఆదివారము ఉత్సవము, సోమవారము ఉద్యోగము. వ్యాధిని తరిమినది ఆ సోమవారపు సుద్దగుర్తు.

అప్పటికే వ్యాధి సోకి నడక కోల్పోయినవారి మాట యేమి? వారిని మరువనివారు తెలుగునాట కలరు. తిరుపతిలో దేవస్థానమువారు 1985లో నెలకొల్పిన బర్డ్ ఆసుపత్రి అట్టివారికి శస్త్రచికిత్సలు చేయుచు పేరుపొందినది. విశాఖపట్టణపు ఎముకల వైద్యులు సుంకర వెంకట ఆదినారాయణరావుగారు తమ ఆసుపత్రి గోడలలో నిలువక, ఉచిత శిబిరములు నడపుచు, పోలియో బాధితులకు చేసిన శస్త్రచికిత్సలకు గాను 2022లో పద్మశ్రీ పురస్కారము పొందిరి. రోగి రాలేనిచోట వైద్యుడే కదలవలెనను నియమము అలెన్ నాటినుండి నేటివరకు మారలేదు.

ఉద్యోగుల సాంస్కృతిక సంఘములకు ఈ చరిత్రవలన కలుగు ప్రయోజనమేమి? స్వస్థలమునకు దూరముగ, బదిలీలతో ఊరు మారుచు జీవించు ఉద్యోగులకు ఉగాది, సంక్రాంతి, దసరా వేడుకలు ప్రాణప్రదములు. ఆ వేడుకలలో ఏదో యొక దానకార్యము చేర్చుట సంప్రదాయమైనది. అది ఉండవలసినదే. కాని చందాపుస్తకము తెరచుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. మొదటిది: ఈ అవసరమును అనుభవించుచున్నవారిని ఎవరైన పోయి అడిగిరా, లేక సమావేశగదిలో కూర్చుండియే ఊహించితిరా? రెండవది: ఈ పనిని చేయవలసిన శాఖ గాని సంస్థ గాని ఇంతకుముందే యున్నదా, ఉన్నచో దానిని మేల్కొల్పుట సాధ్యమా? మూడవది: పండుగ మరునాడు ఎవరు పోయి చూచెదరు, ఆరునెలల పిమ్మట ఎవరు పోయెదరు?

మూడవ ప్రశ్నయే కఠినమైనది. కంబళి పంచినవారి ఛాయాచిత్రము సంచికలో అచ్చగును. కంబళి పుచ్చుకొన్న వృద్ధురాలికి పింఛను రావలసియుండి దరఖాస్తులో ఒక్క ధ్రువపత్రము లోపించినచో, దానిని సరిచేయించి నాలుగుసార్లు తిరిగినవాని ఛాయాచిత్రము ఎక్కడను అచ్చుకాదు. అయినను ఆ రెండవ పనిలో ప్రభుత్వోద్యోగికి సాటివచ్చు దాత లేడు. ఏ దరఖాస్తు ఏ బల్లపై నిలిచిపోవునో, ఏ నిబంధన క్రింద ఏ సహాయము లభించునో ధనవంతునకు తెలియదు, గుమాస్తాకు తెలియును. తన ఉద్యోగాధికారమును ఉపయోగింపనక్కరలేదు, ఎవరి పక్షమునను ఒత్తిడి చేయనక్కరలేదు. చదువురానివానికి పత్రము చదివి వినిపించి, సరియైన చోటికి దారి చూపినచో చాలును. అందులకు ధనము వ్యయమగునది స్వల్పము. సెలవుదినపు రెండు గంటలు మాత్రము వ్యయమగును.

ఆ ఆదివారములలో పోలియో బల్లవద్ద కూర్చుండిన ఉద్యోగులు అట్లే తమ సెలవును ఇచ్చిరి. ఎడ్గార్ అలెన్ తన వ్యాపారమునే విడిచెను. హోల్‌బోల్ తన ఉద్యోగమును చేయుచునే, తన బల్లపైని యుత్తరములలోనే మార్గము కనిపెట్టెను. ముగ్గురిలో మూడవవాని దారి ఉద్యోగులకు అందుబాటులో నున్నది. ప్రతిసంఘమును రాబోవు పండుగనాటి దానమునకు ఎంత శ్రద్ధ వహించునో, దాని మరునాడు పోయి చూడవలసినవారి పేర్లను కార్యక్రమ పుస్తకములో వ్రాయుటకును అంత శ్రద్ధ వహించినచో, ఏడాది తిరుగునప్పటికి కనీసము ఒక్క యింటనైన ఆ దానము అవసరము లేకుండ పోవునని ఆశించుట అత్యాశ కాబోదు.